పంచాంగం పక్కన పెట్టుకుని పైసల లెక్క: పర్లాకిమిడిలో మా ఇంటి డబ్బుల ప్రాజెక్టు, జనవరి నుంచి మార్చి 2025

డిసెంబర్ ఆఖరి వారం

ఈ ఏడు ఇంటి డబ్బుల సంగతి ఒక ప్రాజెక్టులాగ పెట్టుకుందాం అని మా ఆయనా నేనూ తీర్మానం చేసుకున్నాం, ఏం చేసేం ఎంత తేలింది ఎక్కడ ఆగింది అన్నది ఇక్కడ రాసుకుంటూ పోతాను. ముందు మా సంగతి చెప్పకపోతే లెక్కలు అర్థం కావు. మేం ఉండేది పర్లాకిమిడి, నా పుట్టిల్లు పాతపట్నం, అంటే అది ఆంధ్రా ఇది ఒడిశా అన్నమాటే గానీ షేర్ ఆటో ఎక్కితే దిగిపోవడమే. నేను ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను, జీతం 11,000, ఏడో తారీఖున పడతాది. మా ఆయనకి బస్టాండు దగ్గర మొబైల్ రిపేరు షాపు, ఒక నెల 24 వేలు మిగుల్తాయి, ఒక నెల 9 వేలకి దిగిపోతాది, షాపు పుస్తకం మొత్తం తిరగేస్తే సగటున 16 వేలు తేలింది. రెండూ కలిపి 27 వేలు. ఇల్లు మావయ్యగారు కట్టించిన పెంకుటిల్లు కాబట్టి అద్దె బాధ లేదు. ఇంట్లో అత్తయ్య, మేమిద్దరం, ఒకటో క్లాసు చదివే పాప.

ఎప్పట్నుంచి మొదలెట్టాలి అన్న దగ్గరే మొదటి గొడవ. మా ఊళ్ళో కొత్త సంవత్సరాలకి కరువు లేదు మరి. జనవరి 1 ఒకటి, మనకి ఉగాది మార్చి 30న, ఒడియా వాళ్ళకి పణా సంక్రాంతి ఏప్రిల్ 14న, బ్యాంకు వాళ్ళకీ ట్యాక్స్ వాళ్ళకీ ఏప్రిల్ 1. అత్తయ్య ఉగాదికి మొదలెట్టమంది, శూన్యమాసంలో ఏ పనీ కలిసిరాదంట. మా ఆయన ఏప్రిల్ 1 అన్నాడు, అది వాయిదా వెయ్యడానికి అని నాకు తెలుసు. నేను మాత్రం జనవరి నుంచే అన్నాను, ఎందుకంటే ఏడాది మొత్తంలో పెద్ద ఖర్చు జనవరి 13, 14, 15నే ఉంది, అది అయిపోయేక మొదలెడితే చిల్లు పడ్డ కుండతోనే మొదలెట్టినట్టు.

అనుకున్నవి మూడు. షాపు కోసం బజారులో తెచ్చిన 60 వేల అప్పు తీర్చాలి. చేతిలో ఒక 30 వేలు ఎప్పుడూ ఆడకుండా కదలకుండా ఉండాలి. పాప పేరు మీద ఏదో ఒకటి మొదలెట్టాలి. మా ఆయన నాలుగోది కూడా చెప్పేడు, సెకండ్ హ్యాండ్ బండి. దాన్ని పుస్తకం ఆఖరి పేజీలో రాసేను.

జనవరి మొదటి వారం

నెల ఖర్చు రాసుకోవడం పెద్ద కష్టం కాలేదు. కిరాణా, పాలు, గ్యాస్, కరెంటు, కూరలు అన్నీ కలిపి 12,000. స్కూలు ఫీజూ వ్యాన్ 1,700. పెట్రోలు 2,000. అత్తయ్య బీపీ సుగరు మందులు 1,500. రీఛార్జులు 600. బజారు అప్పు వడ్డీ 1,800. మొత్తం 19,600. 27 వేల లోంచి తీసేస్తే 7,400 మిగలాలి. మా ఆయన ఆ అంకె చూసి, నెలకి ఏడు వేలు మిగుల్తుంటే మనం ఎందుకే ఇలాగున్నాం, ఆ డబ్బు ఎక్కడికి పోతోంది అన్నాడు. అదే నాకూ అర్థం కాలేదు. ఇద్దరికీ తాగుడు లేదు, హోటలు తిండి లేదు, నేను కొన్న ఆఖరి చీర దసరాకే.

సమాధానం పంచాంగంలో దొరికింది. గోడకి తగిలించిన పెద్ద క్యాలెండర్ కాదు, అత్తయ్య దగ్గరుండే చిన్న పంచాంగం. అది పక్కన పెట్టుకుని ఒక్కో నెలా తిప్పుతూ, ఈ నెలలో ఏటి వస్తాది, పోయినేడు ఎంతయింది అని అడుగుతూ రాసేను. జీతం నెలవారీ వస్తాది గానీ మన ఇళ్ళల్లో ఖర్చు పండగవారీ వస్తాది, పెళ్ళివారీ వస్తాది. ఇంటర్నెట్‌లో చెప్పే బడ్జెట్లు అన్నీ నెలకి సరిపడా గళ్ళు గీసి ఇస్తారు, వాటిల్లో అద్దె ఉంటాది, సినిమా ఉంటాది, మేనకోడలి ఓణీలు మాత్రం ఉండదు.

అలాగ రాస్తే వచ్చింది ఇది. సంక్రాంతి 10,000. ఏప్రిల్‌లో పాప అడ్మిషన్, పుస్తకాలు, యూనిఫాం 13,000. దసరా దీపావళి కలిపి 9,000. ఉగాది, ఒడియా వాళ్ళ రజో పండగ, రథయాత్ర, చవితి, మార్గశిర గురువారాలు అన్నీ కలిపి 5,000 (మార్గశిర లక్ష్మీవారం పూజ ఒడియా వాళ్ళూ చేస్తారు మనమూ చేస్తాం కాబట్టి ఈ వీధిలో ఆ నెల గడపగడపకీ ముగ్గే, ఆ ఖర్చులో మాత్రం కోత ఉండదు). బండి ఇన్సూరెన్సూ సర్వీసింగ్ 4,000. ఇంటిపన్ను, షాపు కాగితాలు 3,200. అరసవల్లి, శ్రీకాకుళం, ఎప్పుడైనా విశాఖపట్నం ఆస్పత్రి, ఈ ప్రయాణాలకి 6,000. వానాకాలం ముందు పెంకులు సరిచేయించడం 6,000. ఇంకా చదివింపులు.

చదివింపుల పుస్తకం

దీనికి వేరే ఎంట్రీ పెట్టాలి, ఎందుకంటే రెండు సాయంత్రాలు దీనికే సరిపోయేయి.

మా పెళ్ళి 2016 కార్తీకంలో అయింది, నోట్ల రద్దు అయిన కొత్తలో. చదివింపుల పుస్తకం అత్తయ్య ట్రంకుపెట్టెలో అడుగున ఉంది, ఎర్ర అట్ట, పైన పసుపు బొట్లు, మొదటి పేజీలో శ్రీరామ. మావయ్యగారి తమ్ముడు కూర్చుని రాసేరంట, ఆయన రాత గొలుసుకట్టు, చదవడానికి అత్తయ్యే దిక్కు. అందులో సగం పేర్ల ఎదురుగా 500 అని రాసి పక్కన చిన్న అక్షరాల్లో పాత అని ఉంది, అంటే రద్దయిన నోటు ఇచ్చేరన్నమాట, డిసెంబర్ 30 దాకా బ్యాంకులో వేసుకోవచ్చు కాబట్టి అందరూ మా పెళ్ళిలోనే వదిలించుకున్నారు. నగదు లేనోళ్ళు గిన్నెలు తెచ్చేరు. కుక్కరు, గిన్నె, గిన్నె, స్టీలు క్యాను, గిన్నె, అలాగ ఒక పేజీ మొత్తం ఉంది. ఆ క్యాన్లలోనే ఇప్పటికీ మా ఇంట్లో పప్పులు పోస్తాం.

ఈ పుస్తకం జ్ఞాపకాల కోసం దాచింది కాదు, ఇది అప్పుల పుస్తకం. ఎవరు ఎంత పెట్టేరో వాళ్ళింట్లో శుభకార్యం అయితే అంతకి తక్కువ కాకుండా మనం పెట్టాలి, ఎనిమిదేళ్ళ కిందట 116 చదివించినోళ్ళకి ఇప్పుడు 116 చదివిస్తే మైకులో చెప్పినప్పుడు మన తల ఎక్కడ పెట్టుకోవాలి, 516 అయినా ఉండాలి. వడ్డీ ఎవరూ అడగరు గానీ వడ్డీ ఉంటాది. అత్తయ్య ఒక్కో పేరూ చదువుతూ, వీళ్ళకి ఇచ్చేసేం, వీళ్ళ రెండోవాడికి ఈ మాఘమాసంలో సంబంధం కుదిరిపోవచ్చు, వీళ్ళు పోయేరు గానీ కొడుకులున్నారు, వీళ్ళు మనింటికి రాలేదు కాబట్టి మనం వెళ్ళక్కర్లేదు, అని చెప్తుంటే నేను రాసుకున్నాను. ఏ బ్యాంకు మేనేజరూ అంత కచ్చితంగా చెప్పలేడు, ఒప్పుకోవాల్సిందే.

ఈ ఏడు రాగలవి అని తేలినవి, 516 చొప్పున పన్నెండు, 1,116 చొప్పున అయిదు, ఇంకా టెక్కలిలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. అది వైశాఖంలో అంట. మా ఆయన మేనమామ కాబట్టి పట్టుబట్టలూ వెండి పట్టీలూ ఆయన చేతి మీదగానే వెళ్ళాలి, దానికి పదివేలు తక్కువ కాదు. కలిపితే 21,772.

పైన రాసినవన్నీ దీంతో కూడితే సుమారు 78,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 6,500.

అంటే ఆ 7,400 మిగులు అనుకున్నది మిగులు కాదు. అందులోంచి 6,500 పోతే మా అసలు మిగులు నెలకి 900. ఇది చూసేక మా ఆయన బండి మాట ఎత్తలేదు. నాకు మాత్రం బాధ కంటే హాయిగా అనిపించింది, డబ్బు ఎక్కడికో మాయమవడం లేదు, ఎవరి చేతిలో పడుతోందో పేరు పేరునా తెలిసింది కదా.

భోగికి రెండు రోజుల ముందు

పోస్టాఫీసులో నా పేరున సేవింగ్స్ అకౌంటు తెరిచేను. 500 పెట్టి తెరవచ్చు, వడ్డీ 4 శాతం. మామూలు బ్యాంకు అకౌంటులోనే పడేస్తే యూపీఐ ఉంది కదా, ఉప్పుకీ చింతపండుకీ ఫోను తీసి కొట్టేస్తాం, నెలాఖరుకి ఏటీ ఉండదు. ఇది పంచాంగం అకౌంటు, దీన్ని ఫోనుకి తగిలించలేదు, తీసుకోవాలంటే పాసుబుక్కు పట్టుకుని వెళ్ళాల్సిందే. ఇంట్లో ఉన్నవి ఊడ్చి 8,000, ఈ నెలది 6,500, మొత్తం 14,500 వేసేను, మళ్ళీ అందులోంచే పండక్కి తీసేను.

పండగ అయ్యేక లెక్క: 10,000 అనుకున్నది 11,400 అయింది. బెల్లం, నువ్వులు, నూనె ఊహించినంతే, పాతపట్నం వెళ్ళినప్పుడు మా తమ్ముడి పిల్లలకి బట్టలు తీసింది అదనం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మేమూ కదల్లేదు, కదిలితే ఇంకో వెయ్యి అయ్యేది. అకౌంటులో 3,100 ఉంది.

సంక్రాంతి వెళ్ళేక, బంగారం సంగతి

బజారు అప్పు 60 వేలు, నూటికి మూడు. నెలకి 1,800 కడుతున్నాం, అసలు అసలుగానే ఉంది. నూటికి మూడు అంటే వినడానికి చిన్నదే, నెలకి మూడు కాబట్టి ఏడాదికి 36 శాతం. నా దగ్గర రెండు తులాల గొలుసు ఉంది, లాకెట్‌తో. బ్యాంకులో కుదువ పెడితే వడ్డీ ఏడాదికి తొమ్మిదిన్నర శాతం అన్నారు, అంటే మన భాషలో నూటికి ఎనభై పైసలు. 60 వేలకి మొదటి నెల వడ్డీ 475.

అత్తయ్యకి ససేమిరా ఇష్టం లేదు. పండక్కి మెళ్ళో గొలుసు లేకుండా పుట్టింటికి వెళ్తే మీవాళ్ళు మమ్మల్నేటంటారు అంది, అది నిజమే అని పండగ అయ్యేదాకా ఆగేం. తర్వాత శుక్రవారం బంగారం గడప దాటకూడదంది, మంగళవారం కూడదంది, శనివారం నేనే వద్దన్నాను డ్యూటీ ఉంటాది కాబట్టి. అప్పుడు కాగితం మీద ఆమెకి ఒక్కటే చూపించేను. ఇప్పుడు బజారుకి కడుతున్న ఆ 1,800నే, ఒక్క రూపాయి ఎక్కువ కాకుండా, నెలనెలా బ్యాంకుకి కడితే మూడేళ్ళ మూడు నెలల్లో వడ్డీయే కాదు అసలు కూడా తీరిపోతాది. బజారులో అయితే మూడేళ్ళ మూడు నెలలకి 70 వేలు కట్టి ఇంకా 60 వేలు బాకీ ఉంటాం. అత్తయ్య కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, బుధవారం వెళ్ళండి అంది.

బ్యాంకులో చూసే ఆచారిగారు గొలుసు గీటురాయి మీద గీసి ఏదో చుక్క వేసి రంగు చూసేరు, లాకెట్ విడిగా తూచి అందులో రాళ్ళ బరువు తీసేసేరు, ఆ రాళ్ళకి కొన్నప్పుడు బంగారం రేటే కట్టించుకున్నారు మరి, ఇప్పుడు లెక్కలోకి రావు. అప్పటి రూల్ ప్రకారం విలువలో 75 శాతం దాకా ఇవ్వొచ్చన్నారు, మాకు లక్ష దాకా ఇస్తామన్నారు. ఇక్కడ మా ఆయన నా వైపు చూసేడు, బండి గుర్తొచ్చింది. 60 వేలే రాయండి అన్నాను. ఎక్కువ ఇస్తామన్నప్పుడు తీసుకోకపోవడం అన్నది ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా కష్టమైన పని అని నా అభిప్రాయం.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి, ఇది ఏడాది గడువు లోను, నెలనెలా కట్టమని ఎవరూ ఫోన్ చెయ్యరు, కట్టకపోతే వడ్డీ పేరుకుంటాది, ఏడాదికి తీర్చాలి లేదా తిరగరాయించాలి. అందుకే 1,800ని ఏడో తారీఖున జీతం పడిన రోజే లోను అకౌంటుకి పంపేలా ఫోనులో పెట్టేసుకున్నాను. షాపు బాగా నడిచిన నెలల్లో ఇంకా వెయ్యాలి. నెలకి అయిదు వేలు వెయ్యగలిగితే 13 నెలల్లో గొలుసు ఇంటికొచ్చేస్తాది.

ఫిబ్రవరి మొదట్లో, ప్రోనోటు

బజారాయనకి 60 వేలూ పట్టుకెళ్తే ఆయన ముఖం మాడిపోయింది. అప్పు తీరుస్తానంటే సంతోషించే మనిషి వడ్డీవ్యాపారి కాదు కదా. ఎందుకమ్మా అంత తొందర, మీరు మావాళ్ళే కదా, కావాలంటే రెండున్నరకి చేస్తాలే, సరే రెండుకి చేస్తాలే అన్నారు. ఇన్నాళ్ళూ రెండుకి ఇవ్వగలిగిన మనిషే అన్నమాట. డబ్బు లెక్కపెట్టుకున్నాక ప్రోనోటు ఇంట్లో ఎక్కడుందో వెతికి రేపు పంపిస్తాను అన్నారు. మా ఆయన సరేనని లేవబోతుంటే నేను కూర్చున్నాను. కాగితం వచ్చేదాకా కూర్చుంటాం బాబుగారూ, మాకు పనేం లేదు అన్నాను. పావుగంటలో దొరికింది. రెవెన్యూ స్టాంపు మీద మా ఆయన సంతకం, వెనక ఒక్క జమ కూడా రాసి లేదు, అన్ని నెలల వడ్డీ కట్టినా. వెనక అసలూ వడ్డీ పూర్తిగా ముట్టినవి అని ఆయన చేత రాయించి సంతకం తీసుకుని, ఫోనులో ఫోటో తీసుకుని, ఇంటికి తెచ్చుకున్నాం. చింపెయ్యమన్నాడు మా ఆయన. నేను బీరువాలో పెట్టేను.

ఇదే వారంలో ఢిల్లీలో బడ్జెట్ పెట్టేరు, 12 లక్షల దాకా ట్యాక్స్ లేదంట, షాపుల్లో అందరూ ఒకటే సంబరం. మా ఆయన కూడా సంబరపడ్డాడు. ఏడాదికి మూడు లక్షల పాతికవేలు రాని ఇంట్లో ఎందుకంత సంబరం అంటే, ఎప్పటికైనా పనికొస్తాది అన్నాడు.

రథసప్తమికి అరసవల్లి వెళ్ళొచ్చేం, 900. మాఘమాసం పెళ్ళిళ్ళు, అత్తయ్య చెప్పినట్టే ఆ రెండోవాడి పెళ్ళి శుభలేఖ వచ్చింది. 1,116 ఒకటి, 516 రెండు, 2,148. ఇన్నాళ్ళూ శుభలేఖ రాగానే మా ఇద్దరి మధ్యా ఒక మాట పడేది, ఈసారి డబ్బు ముందే పక్కన ఉంది కాబట్టి పెళ్ళికి పెళ్ళిలాగే వెళ్ళి భోజనం చేసి వచ్చేం.

శివరాత్రికి ముందు, ఇన్సూరెన్సులు, ఇంకా ఒక పెద్దమనిషి స్కీము

బ్యాంకులో ఉన్నప్పుడే అడిగి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, సురక్షా బీమా రెండూ ఇద్దరికీ పెట్టించేను. జీవన్ జ్యోతి ఏడాదికి 436, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 50 ఏళ్ళ లోపు చేరాలి. సురక్షా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో పోతే 2 లక్షలు. వీటి ఏడాది జూన్ 1 నుంచి మే 31, అందుకని మధ్యలో చేరితే జీవన్ జ్యోతికి పూర్తి డబ్బు కట్టక్కర్లేదు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు చేరితే 228, మార్చి నుంచి అయితే 114. కొత్తగా చేరినోళ్ళకి మొదటి 30 రోజులు ప్రమాదానికి తప్ప మిగతావాటికి వర్తించదు కాబట్టి ఆ 114 కోసం ఆగడం నాకు నచ్చలేదు. మే నెలాఖరులో అకౌంటులోంచి దానంతట అదే మళ్ళీ 436 పోతాది, ఆ రోజు అకౌంటు ఖాళీగా ఉంటే పాలసీ ఆగిపోతాది, ఇది పంచాంగంలో మే పేజీలో రాసేను. మా ల్యాబుకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇది ఉందో లేదో కూడా తెలీదు, పాసుబుక్కులో 436 కటింగ్ చూసి బ్యాంకోడు తినేసేడు అనుకుంటారు.

మా ఆయన ఫ్రెండు ఒకడు షాపుకి వచ్చి ఫోనులో ఒక యాప్ చూపించేడంట, పదివేలు పెడితే రోజుకి 200 వస్తాయి. రోజుకి నూటికి రెండు! ఆ లెక్కన ఆ కంపెనీవాడు మన బజారాయన దగ్గర నెలకి నూటికి మూడుకి అప్పు తెచ్చుకుంటే సరిపోయేది కదా, మన పదివేల కోసం ఇంత దూరం ఎందుకొచ్చేడు, అని అడిగేను. ఆ ఫ్రెండుకి నేనంటే పడదు ఇప్పుడు. మా ఇంట్లో ఈ సంగతికి సాక్ష్యం కూడా ఉంది, మావయ్యగారు బతికున్నప్పుడు ఒక డిపాజిట్ కంపెనీలో కట్టిన బాండు, రంగురంగుల కాగితం, పైన లక్ష్మీదేవి బొమ్మ. ఒడిశాలో ఇలాటి కంపెనీలు వరసగా బోర్డు తిప్పేసేక 2013లో జస్టిస్ ఎం.ఎం. దాస్ కమిషన్ వేసేరు, డిపాజిటర్ల కోసం చట్టం కూడా ఉంది, మా బాండు మాత్రం ఇంకా కాగితంగానే ఉంది. ఆ బాండు తీసి మా ఆయన ముందు పెట్టేను, మాటలేం అనలేదు.

మార్చి

షాపు పడుకుంది. పిల్లలకి పరీక్షలు, కొత్త ఫోన్లు ఎవరూ కొనరు, పాతవి ఎవరూ బాగుచేయించరు. పంచాంగం అకౌంటుకి 6,500 వెయ్యాల్సింది 4,500 వేసేం. లోనుకి 1,800 మాత్రం వెళ్ళింది.

పాపకి సుకన్య సమృద్ధి తెరిచేం. పోస్టాఫీసు కౌంటర్లో ఒడియాలో అడుగుతారు, ఒడియాలోనే చెప్పేం, ఫారం నింపేను, పాప బర్త్ సర్టిఫికెట్, నా ఆధార్, పాన్. పదేళ్ళ లోపు ఆడపిల్లకే తెరుస్తారు, ఏడాదికి కనీసం 250, పైన లక్షన్నర దాకా. వడ్డీ ఇప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి ప్రభుత్వం రేటు చూస్తాది. పదిహేనేళ్ళు కట్టాలి, తెరిచినప్పట్నుంచి 21 ఏళ్ళకి చేతికొస్తాది, పద్ధెనిమిది నిండాక చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. నెలకి 500 అనుకున్నాం. రేటు ఇలాగే ఉంటే కట్టేది 90 వేలు, వచ్చేది రెండు లక్షల డెబ్బై వేల పైన. రేపు మేం ఆంధ్రా వైపు వెళ్ళిపోయినా అకౌంటు అక్కడికి మార్చుకోవచ్చు, అది అడిగి మరీ తెలుసుకున్నాను. ఇంకోటి, అయిదో తారీఖు లోపు వేస్తేనే ఆ నెలకి వడ్డీ లెక్కలోకి వస్తాది. నా జీతం ఏడున. ఏడున వేసినా వచ్చే నెల ఒకటిన వేసినా వడ్డీ వచ్చే నెల నుంచే కాబట్టి, జీతం పడిన రోజే 500 వేసేయడం. 

నెలకి మిగిలే ఆ 900లో మిగతా 400కి పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా ఇంత అని కట్టే డిపాజిట్. నెలకి 100 నుంచి కట్టొచ్చు, అయిదేళ్ళు, 6.7 శాతం. మా వీధిలోనే ఏజెంటు అక్క ఉంది, కార్డు పట్టుకుని ఇంటికొచ్చి తీసుకుంటాది, కట్టకపోతే నాలుగు ఇళ్ళకి తెలుస్తాది కాబట్టి కడతాం. 400తో 30 వేలు ఎప్పటికి అవుతాది అని మా ఆయన నవ్వేడు. నిజమే, వడ్డీతో కలిపినా అయిదేళ్ళ పైనే. అందుకే షాపులో 16 వేలు దాటిన నెలల్లో పైన వచ్చిన దాంట్లో సగం లోనుకి, సగం ఈ నిల్వకి అని రాసుకున్నాం. ఇంతవరకు అలాటి నెల ఒక్క జనవరే, అప్పుడు వచ్చిన దాంట్లోంచి 3,000 నగదుగా బియ్యం డ్రమ్ములో ఉంది. బ్యాంకులో కాకుండా డ్రమ్ములో ఎందుకంటే, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పాప నా కడుపులో ఉంది, కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎం తెరవలేదు, అకౌంటులో డబ్బులుండి పాలప్యాకెట్‌కి చేబదులు అడిగేం. మా గజపతి జిల్లాలో ఆ వారం చూసినోళ్ళెవరూ యూపీఐ ఉంది కదా అని ధీమాగా ఉండరు.

మార్చి 8 తర్వాత

అత్తయ్యకి సుభద్ర డబ్బులు, అంటే ఆడవాళ్ళకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చేవి, పడ్డాయి, 5,000. ఏడాదికి పదివేలు, రాఖీ పౌర్ణమికి ఒకసారి మహిళా దినోత్సవానికి ఒకసారి, అయిదేళ్ళలో 50 వేలు. ఆధార్ లింకున్న ఆమె సొంత అకౌంటులోనే పడతాయి. మొదటి అయిదు వేలకి ముక్కుపుడక మార్పించుకుంది, అది ఆమె డబ్బు, మేం నోరెత్తలేదు. ఈసారి కూడా నేను అడగలేదు. రాత్రి భోజనాల దగ్గర ఆమే అంది, ఆ పుస్తకంలో ఓణీలకి ఎంత రాసేవూ అని. పదివేలు అన్నాను. నా కూతురి కూతురు, పట్టీలు నేను కొంటాను, మిగతాది మీరు చూసుకోండి అంది. వెండి రేటు కూడా బంగారంతో పాటే పైకి పోతోందని ఆమెకి ఎవరో చెప్పేరంట, అందుకని వైశాఖం దాకా ఆగకుండా ఇప్పుడే కొనేస్తానంటోంది. పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్ళిన రోజే మా పుట్టింటివాళ్ళు కొనే షాపులో చూస్తాం.

బంగారం మాట వచ్చింది కాబట్టి, మేం గొలుసు పెట్టిన జనవరికీ ఇప్పటికీ రేటు బాగా పెరిగింది, పది గ్రాముల మేలిమి 90 వేల దరిదాపుల్లోకి వచ్చింది. ఇప్పుడు అదే గొలుసు మీద ఇంకో పాతికవేలు తీసుకోవచ్చు కదా అని మా ఆయన. బండి మళ్ళీ లేచింది. ఆఖరి పేజీలోనే ఉంది, చూసుకో అన్నాను.

ఉగాది మర్నాడు

పంచాంగం అకౌంటు: ఫిబ్రవరి ఆఖరికి 6,552, మార్చిలో వేసినవి 4,500, ఒక పెళ్ళి 1,116, ఉగాది 700, ఉన్నది 9,236. ఏప్రిల్ ఏడున 6,500 వేస్తే 15,736. పాప అడ్మిషన్ 13,000కి సరిపోతాది, స్కూలువాళ్ళు ఈ ఏడు ఫీజు పెంచకపోతే. పెంచితే ఎంత పెంచుతారో నోటీసు ఇంకా ఇవ్వలేదు, స్కూలు బెల్టూ టై కూడా వాళ్ళ దగ్గరే కొనాలంట, దాని రేటు అడిగితే అడ్మిషన్ రోజు చెప్తామన్నారు.

లోనులో అసలు కొంచెం తగ్గింది, కొంచెమే. బజారులో అయితే ఈ రెండున్నర నెలల్లో ఒక్క రూపాయి తగ్గేది కాదు.

ఓణీలకి పట్టుబట్టలు బరంపురంలో తీస్తే బాగుంటాయని ఆడపడుచు కబురు పెట్టింది, అక్కడి పట్టు పేరున్నదే, రేటు కూడా పేరున్నదే. అత్తయ్య పట్టీలు పోను మా వాటా ఆరు వేలు అనుకుంటున్నాం, అది మేలో ఏ డబ్బులోంచి రావాలో ఇంకా తేలలేదు, అడ్మిషన్ అయ్యేక అకౌంటులో మిగిలేది మూడు వేల లోపే, పెంకుల పని కూడా ఆ నెలలోనే పడుతోంది. పెంకులు జూన్ మొదటి వారానికి జరపమని మేస్త్రీని అడగాలి, రజో పండక్కి ముందే అయిపోవాలి, ఆ తర్వాత ఎవరూ పనికి రారు. తర్వాతి ఎంట్రీ స్కూలు ఫీజు కట్టేక.